పదహారో వరుస

రోహుకుల రేవులో ఇవాళ కూడా పడవ కదల్లేదు.
గాలి సముద్రాన్ని ఎటో నెట్టుకుపోయింది,
లోతు చాలదట.
టికెట్ల గదిలో హీటరూ నేనూ.
కిటికీ అవతల
దీవికి వెళ్ళాల్సిన లారీలు, ఇంజన్లు ఆపుకుని.

ఇలాంటి రోజులకే ఉంది మా పందెం.
ఎవరో ఒకరు అంకెల వరుస ఇస్తారు,
దాన్ని పుట్టించే ప్రోగ్రాం రాయాలి,
ఎవరిది పొట్టిదైతే వాళ్ళదే గెలుపు.
పిసినారితనానికి ఇంత మర్యాద
ఇంకెక్కడా దొరకదు.
పడవ ఇంజన్ గదిలో పనిచేసే తార్మో
నలభై అక్షరాల్ని ముప్ఫై ఒకటికి దించిన రోజు
చేప కాల్చి అందరికీ పెట్టాడు.
నాకైతే ఒక్క ఖాళీ జాగా చెరిపినా
బూటులోంచి గులకరాయి తీసేసినంత హాయి.

ఈసారి వరుస నేనిచ్చాను,
మా అమ్మమ్మ మైము అల్లికల నోటుపుస్తకంలోంచి.
పెన్సిల్ రాత, కాఫీ మరక,
శాలువా అంచున ఏ వరుసకి ఎన్ని బుడిపెలో:

ఒకటి రెండు ఒకటి నాలుగు
ఒకటి రెండు ఒకటి

మిగతాది చూడకుండానే తార్మో నవ్వాడు.

n&-n

నాలుగే అక్షరాలు.
ఒక సంఖ్య తన ఋణంతో ముఖాముఖి కూర్చుంటుంది,
ఇద్దరూ ఒప్పుకున్న ఒక్క బిట్టే
బల్లమీద మిగులుతుంది.

హాప్సాలులో శాలువాని ఉంగరంలోంచి లాగి చూస్తారు.
మనిషిని చుట్టేంత ఉన్ని
వేలెడు బంగారంలోంచి
నీళ్ళలా జారిపోతే, అది శాలువా.
తార్మో రాసింది అలా జారింది.

ఎనిమిదో వరుస దగ్గర తట్టుకుంది.
ఎనిమిది ఉండాల్సిన చోట
అమ్మమ్మ సున్నా రాసింది.
కొట్టివేత లేదు, దిద్దుబాటు లేదు.
కొత్తగా బళ్ళో చేరిన పిల్ల రాసినట్టు
గుండ్రటి సున్నా.
తర్వాత మళ్ళీ మామూలే,
ఒకటి రెండు ఒకటి నాలుగు ఒకటి రెండు ఒకటి.
పదిహేనుతో పేజీ అయిపోయింది.

"పొరపాటు" అన్నాడు తార్మో.
పొరపాటుకి ఎంతవుతుందో లెక్క కట్టాను.

n&-n-(n==8)

పదకొండు.
ఒక్క సున్నాని గుర్తుపెట్టుకోవడానికి
ఏడక్షరాల అదనపు కిరాయి.

అర్ధరాత్రి దాటాక మెసేజ్ వచ్చింది.

n&-n&7

ఆరు.
పొరపాటు కాదట, నియమమేనట,
ప్రతి ఎనిమిదో వరుసనీ మీ అమ్మమ్మ
కావాలనే బోసిగా వదిలేసేదట.
పదిహేను అంకెలకీ పదిహేనూ సరిపోయాయి.
కాదనడానికి నా దగ్గర పదహారోది లేదు.
నిద్రా లేదు.
ఆమె మరిచిపోయిందా, నిర్ణయించుకుందా
అన్నది ఐదక్షరాల తేడాకి వచ్చి ఆగింది.

ఆదివారం సాల్మె పెద్దమ్మ ఇంటికి బస్సెక్కాను.
శాలువా పెట్టె అడుగున ఉంది,
కలరా ఉండల వాసనతో, పాత సబ్బు కాగితం చుట్టుకుని.
కిటికీ వెలుగుకి పట్టి
గోటితో ఒక్కో బుడిపెనీ తడుముతూ పోయాను.
ఏడు వరుసలు నోటుపుస్తకంలో ఉన్నట్టే.
ఎనిమిదోది నున్నగా, గడ్డకట్టిన మడుగులా.
తొమ్మిది, పది, పదకొండు,
మధ్యలో పెద్దమ్మ టీ అడిగితే లెక్క తప్పి
మళ్ళీ మొదట్నించి.

పదహారో వరుసలో
గోరు తగిలింది.
తగులుతూనే ఉంది.
పదహారు.

"ఎనిమిదోది ఎందుకు వదిలేసింది?"
బంగాళాదుంప చెక్కు తీస్తూ పెద్దమ్మ అంది,
"ఎవరికి తెలుసు, నిద్రొచ్చి ఉంటుంది."
ఇంకో దుంప తీసుకుని,
"లేకపోతే నేనేడ్చి ఉంటాను."

తార్మోకి ఫొటో పంపాను.
ఆరు చెల్లదని తనే కొట్టేశాడు, పందెం పందెమే.
పడవలు మళ్ళీ తిరుగుతున్నాయి.
ఇంజన్ హోరులో కూర్చుని వారంగా
పదకొండుని పదికి దించాలని చూస్తున్నాడు.
అడిగాడు కూడా, ఒక చెయ్యి వెయ్యమని.

నేను టికెట్లు చింపుతున్నాను.